కుడివైపు నుంచి తెరిచిన కితాబు

బస్సు ఎమ్మిగనూరు దాటిందో లేదో మహమూదా ముక్కుకు మాగిన పండ్ల వాసన తగిలింది. ఎవరో గుడ్డసంచిలో అరటిపండ్లు పెట్టి మరిచిపోయినట్టున్నారు, తీపి ముదిరి పులుపులోకి దిగుతున్న వాసన, ఇంకో పూట ఉంటే పారేయాల్సిందే అనిపించే వాసన. ఆదోని చేరడానికి గంట పడుతుంది, ఆ గంటంతా దీన్ని పీల్చుకుంటూ కూర్చోవాలి కాబోలు అనుకుని, ఒళ్ళో ఉన్న అత్త తలను కొంచెం సర్ది, మెడ సాచి చుట్టూ చూసింది. ముందు సీటు కింద గంపలో కాళ్ళు కట్టేసిన కోడిపుంజు. పక్క సీట్లో ఇద్దరు మొగవాళ్ళు మిరపకాయల మూట మీద కాళ్ళు చాపుకున్నారు. పండ్లెక్కడా లేవు. సరే, మనిషన్నాక ఏదో ఒకటి ఆలోచించాలి, పండ్ల గురించి ఆలోచించడమే మేలు, ఒళ్ళో ఉన్న తల గురించి ఆలోచించడం కంటే. ఆ తల పొద్దుటి నుంచి బరువెక్కుతూ వస్తోంది. తల బరువు పెరుగుతుందా ఎక్కడైనా? ఆదోని కాలేజీలో బి.ఏ. చదివింది గాని ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పగలిగిన మనిషి ఒక్కతే, అత్త జమ్రుద్‌బీ. ఆమె ఇప్పుడు కళ్ళు మూసుకుని, నోరు కొంచెం తెరుచుకుని, కాళ్ళు కిటికీ వైపు ముడుచుకుని పడుకుని ఉంది. ఎమ్మిగనూరు దూదేకుల ఇండ్లల్లో ఆడమనిషి పోయిందంటే మొదటి కబురు జమ్రుద్‌బీకి, తర్వాతే ఏడుపు. రేగాకు వేసి కాచిన నీళ్ళు, కర్పూరం, సూది తగలని తెల్లగుడ్డ, అన్నీ ఆమె చేతుల మీద జరగాలి. ఇంటికొచ్చి తాను తలకు పోసుకుని, జొన్నరొట్టెల దొంతర ముందేసుకుని, నమిలే సందులో చెప్పేది: పోయినోళ్ళ తల బతికినోళ్ళ తల కంటే బరువమ్మయ్యా, పట్టుకున్నోళ్ళకే తెలుస్తాది. కోడలు అప్పుడు నవ్వుకునేది. ఇప్పుడు తొడ తిమ్మిరెక్కుతోంది గాని తల కింద నుంచి చేయి తీయడానికి ధైర్యం రాలేదు.

కండక్టరు వచ్చి రెండు టికెట్లు చించి, చించినవాడు పోకుండా నిలబడినాడు. "ఏమమ్మా, ముసలామె బాగుందా?"

"బాగుంది. నిద్ర."

"నిద్రేనా? పోయినేడు గోనెగండ్లలో ఒకాయన ఎక్కినాడు, ఇట్లనే నిద్రపోయినాడు. ఆదోనిలో లేపితే లేయలేదు. నన్ను పోలీస్ స్టేషన్ సుట్టూ తిప్పినారు."

"మా అత్త అట్ల మోసం చేసే మనిషి కాదులే అన్నా."

అతను నవ్వలేదు. పోతూ పోతూ డ్రైవరు చెవిలో ఏదో వేసినాడు, డ్రైవరు అద్దంలోంచి ఒకసారి చూసినాడు, బస్సు కొంచెం వేగం అందుకుంది. ఇదీ మేలే. అనుమానం కూడా ఒక్కోసారి డీజిల్ పోస్తుంది. కిటికీ అవతల నల్లరేగడి నోళ్ళు తెరిచి పడుకుంది, పత్తి కట్టెలు పీకేసిన చేలు, ఏప్రిల్ ఎండ, చేను మధ్య ఒక్క సుడిగాలి నిలువెత్తున లేచి, ఎటు పోవాలో తెలియనట్టు నిలబడి, బస్సుకు తోడుగా నడిచింది. దాన్ని చూడకూడదు అనేది చిన్నప్పుడు అవ్వ, చూస్తే వెంట వస్తుందని. మహమూదా చూపు తిప్పుకుంది, చూపు పోయి మళ్ళా ఆ మూసుకున్న కళ్ళ మీద పడింది.

పొద్దున కంపౌండరు రసూల్ సాబ్ కూడా ఇట్లాగే చూసినాడు. రోజూ జోకు లేకుండా సూది తీయని మనిషి, ఈ పొద్దు ఒక్క జోకూ వేయలేదు. చక్కెర సూది స్టీలు డబ్బాలోంచి తీసి, ముసలామె చేయి పట్టుకోబోతే, కండ్లు కూడా సరిగా తెరవలేని మనిషి ఆ చేయిని పక్కటెముకలకు అదిమిపెట్టుకుంది. ఇద్దరు కలిసి లాగినా రాలేదు. "వద్దంటాన్న మనిషికి నేను పొడవలేను తల్లీ. ఆదోని పెద్దాసుపత్రికి తీసకపో. జహంగీరు కోసం కాచుకోని కూచోవద్దు." మొగుడు జహంగీర్ పరుపుల అంగడికి దూది కోసం రాయచూరు పోయి ఉన్నాడు, రేపటికి గాని రాడు. పోయేముందు వాకిట్లో చెప్పులు వేసుకుంటూ అడిగినాడు, అమ్మ ఏంది ఇంత నిమ్మళంగా ఉంది అని. కితాబు ఇంటాంది గదా, అని ఈమె జవాబు చెప్పింది. అతను మురిసిపోయినాడు. తాను చదువుకున్న పెండ్లాన్ని చేసుకున్నందుకు ఇన్నాళ్ళకు ఫలం దక్కిందని మురిసిపోతూ బస్సెక్కినాడు.

కితాబు. ఎంత అమాయకంగా ఉండేది అటక మీద, నీలం అట్టతో, మూలలు ఎలుకలు కొరికి. నాయన యూసుఫ్ సాబ్ ఆదోని జిన్నింగు ఫ్యాక్టరీలో ఇంగ్లీషు ఉత్తరాలు రాసే గుమాస్తా; పెండ్లినాడు కూతురి పెట్టెలో చీరల కింద పెట్టి పంపినాడు. ఎనిమిది తొమ్మిది వందల ఏండ్ల కిందటి ఎవరో ఇమాం, బాగ్దాదు వైపు మనిషి, ఆత్మ ఎట్లా మెట్టు మెట్టుగా ఎక్కాలో అరబ్బీలో రాసిపెడితే, ఏదో దొర దాన్ని ఇంగ్లీషు చేసినాడు. ఉర్దూ సాయిబులు దూదేకులవాళ్ళను చూసి నవ్వుతారు, మీకు అరబ్బీ రాదు, ఉర్దూ రాదు, తెలుగులో ఏడుస్తారు, మీదేం దీన్, మీదేం మతం అని. నాయనకు ఆ నవ్వు లోపల గుచ్చుకుని ఉండేది. మనకు ఒకే దోవ ఉంది పాపా, ఇంగ్లీషు దోవ, తిరుగుడే గాని చేరుస్తుంది, అన్నాడు. అట్లా ఇమాం అరబ్బీలో బయలుదేరి, దొర ఇంట్లో కోటు తొడుక్కుని, ఎమ్మిగనూరులో ఒక వంటింటి గడప మీద కూర్చుని తెలుగు మాట్లాడే గతి పట్టింది. తురకలు లేని ఊళ్ళో దూదేకులవాడే ముల్లా అన్నట్టు, ముల్లా లేని ఇంట్లో బి.ఏ. కోడలే ముల్లా అయింది. చక్కెర జబ్బుతో కాళ్ళు తిమ్మిరెక్కి గడప దాటలేక, రోజంతా ఉప్పెక్కువైందనీ, ఉల్లిగడ్డ లావుగా తరిగినావనీ, బిందె మూత వేయలేదనీ మంచం మీద నుంచి కాపురం నడిపే అత్తను ఒక గంట ఆపొచ్చు గదా అని మహమూదాయే మొదలుపెట్టింది, దేవుని మీద భక్తితో కాదు. దేవునికి ఆ సంగతి తెలియకుండా ఉంటుందా.

మొదటి మధ్యాహ్నం పుస్తకం తెరవగానే అత్త ఉరిమింది. "యా పక్కనించి తెరుస్తాండావే? దీన్ కితాబు ఎడమపక్కనించి తెరుస్తారా? ఖురాను తెరిచేది యాడనించి?"

"ఇది ఇంగ్లీషుది అత్తా. ఇంగ్లీషోళ్ళకు ఎడమే ముందు."

"ఇంగ్లీషోడు రాసినాడా, ఇమాం రాసినాడా?"

"ఇమామే."

"మల్ల? కుడిపక్కనించి తెరువు."

ఇక్కడే. ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పి ఉంటే పోయేది. కాని మహమూదాకు డిటెక్టివ్ నవలల చివరి పేజీ ముందు చదివే అలవాటు, కాలేజీ రోజుల నుంచి ఉన్న రోగం. ఇమాం చివరికి ఎక్కడ తేలుతాడో చూద్దామనే కొంటెతనం పుట్టింది, ఎదురు చెప్పడానికి బద్ధకం కూడా పుట్టింది. కుడివైపు నుంచే తెరిచింది. రోజుకొక పాఠం, చివరి పాఠం మొదట. పాఠం లోపల సవ్యంగానే చదివేది, పాఠం తర్వాత పాఠం మాత్రం వెనక్కి వెనక్కి. ఎక్కడం నేర్పే పుస్తకాన్ని దిగుతూ చదివినారు. మొదట వచ్చింది మరణం. జమ్రుద్‌బీ విని, తెలిసిన పనే గదా అన్నట్టు తల ఊపి, నీళ్ళు కాచే సంగతి రాయలేదే అన్నది. తర్వాత ప్రేమ. నాలుగు వాక్యాలు విని, ఎవరన్నా ఇంటాండారా అని అటూ ఇటూ చూసి, ఈ మాటలు పగటిపూట సదివేటివి గాదు, ముందుకు పో అన్నది. ముందుకు అంటే వెనక్కి. తర్వాత అల్లా మీద భరోసా. అది రెండు పాఠాలు. రెండోది ముందు వచ్చింది: భరోసా అంటే చేతులు ముడుచుకోవడం కాదు, తలుపుకు గడియ పెట్టుకోవచ్చు, రోగానికి మందు తినొచ్చు, మందులో గుణం పెట్టినవాడూ ఆయనే. ఆ మధ్యాహ్నం ఉక్క పోస్తోంది, అత్త సగం విని సగం కునికింది. మర్నాడు మొదటిది. భరోసా మెట్లలో అన్నిటికంటే పై మెట్టు ఏదంటే, స్నానం చేయించేవాళ్ళ చేతుల్లో మైయ్యత్తు మాదిరి, పోయిన మనిషి ఒళ్ళు మాదిరి ఉండటం. ఎటు తిప్పితే అటు.

జమ్రుద్‌బీ లేచి కూర్చుంది. "ఏమన్యాడు? మల్ల సదువు."

మళ్ళా చదివింది.

"మా పని రాసినాడా? కితాబులో?"

రాసినాడు అత్తా, అన్నది మహమూదా. ఆ ముఖం అంత వెలిగిపోవడం పెండ్లయినాక ఎప్పుడూ చూడలేదు. ఊరంతా పిలుస్తారు గాని ఆ చేతులతో వండింది ఎవరూ తినరు, పెండ్లిళ్ళలో ముందు వరసకు రానీరు, చిన్నపిల్లలను ఎత్తుకోబోతే తల్లులు ఏదో పని గుర్తొచ్చినట్టు పిల్లను లాక్కుంటారు. అంత పెద్ద ఇమాం, అల్లాకూ మనిషికీ మధ్య సంగతి చెప్పాల్సి వచ్చి, వెతికి వెతికి ఈ చేతులనే పట్టుకున్నాడు. ముసలామె తన అరచేతులు రెండూ తిప్పి చూసుకుంది. నాకు తెల్సు ఆ సంగతి, అన్నది, నీళ్ళు కాలుతాండాయా సల్లగుండాయా అని మైయ్యత్తు అడగదు. ఆ తర్వాత, "సాలు. మూయ్ కితాబు. ఇంగ సదవాల్సింది లేదు."

మర్నాడు రసూల్ సాబ్ సూదితో వచ్చినాడు. "వద్దప్పా, నేను మైయ్యత్తును."

"మైయ్యత్తులు మాట్లాడవమ్మా."

"నిన్ననే గదా మొదలుపెడ్తి. నేర్సుకుంటా."

రసూల్ సాబ్ పగలబడి నవ్వినాడు, మీ అత్త సూదికి తలాక్ ఇచ్చింది తల్లీ అని పోయినాడు. కోడలు అన్నది, మొన్న మందు తినొచ్చని కూడా చదివినాను గదా అత్తా. జవాబు తయారుగా ఉంది: "అది కింది మెట్టు. అది సెప్పినంక గదా ఆయప్ప ఇంగా పైకి పోయినాడు. పైకెక్కినోళ్ళు మల్ల దిగుతారా?" లెక్క ఎంత సరిగ్గా ఉంది. వెనక నుంచి చదివితే అంతే, మినహాయింపు ముందు వచ్చి నియమం తర్వాత వస్తుంది, ఆఖరున విన్నదే ఆఖరి మాట అవుతుంది. అట్లా కాదు, మందు మాటే ఆయన తర్వాత చెప్పింది, మనమే తిరగేసి చదివినాం, అని నోటి దాకా వచ్చింది. ఆ లోపల పొయ్యి మీద పాలు పొంగినాయి. పాలు దించి వచ్చేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఉప్పు గురించి లేదు, ఉల్లిగడ్డ గురించి లేదు. పెట్టింది తిన్నది, పెట్టనిది అడగలేదు. మహమూదా ఆ మధ్యాహ్నం కాళ్ళు చాపుకుని నవల చదివింది, గ్లాసు టీలో రెండు చెంచాల చక్కెర గలగల చప్పుడయ్యేటట్టు కలుపుకుంది, ఎవరూ కేకేయలేదు. బాగ్దాదులో ఒకాయన రాస్తే ఎమ్మిగనూరులో ఒక కోడలికి పగటినిద్ర దొరికింది, పుణ్యాత్ముడు, అనుకుంది. రేపు చెప్తాలే అనుకుంది. రేపు కూడా ఇల్లు అంతే చల్లగా ఉంది. ఎల్లుండి కూడా. ముసలామె బుగ్గలు లోపలికి పోతున్నాయి, రాత్రిళ్ళు బిందెలు బిందెలు నీళ్ళు తాగుతోంది, చూస్తూనే ఉంది, కళ్ళు లేకనా. ఒక్కరోజు ఆలస్యమైన మాట చెప్పడం సులువే. ఇన్ని దినాలు ఆలస్యమైన మాటకు, ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదే అనే ప్రశ్న తోకలాగా వస్తుంది. తేలు కుట్టిన దొంగకు నోరెక్కడిది. దినం గడిచిన కొద్దీ మాట లోపల రాయి కట్టినట్టు అయింది.

గొర్రెల మంద అడ్డం వచ్చి బస్సు ఆగిపోయింది. డ్రైవరు ఇంజను ఆపేసినాడు. మిరపకాయల మూటవాళ్ళు అక్కడే దిగిపోయినారు, గాలి ఆగిపోయింది, ఆ పండ్ల వాసన మాత్రం పోలేదు. ఇంకా చిక్కబడింది. ముందు సీటు ఆమె, కోడిపుంజు గంపామె, వెనక్కి తిరిగింది. పేరు ఉచ్చీరమ్మ అట, ఆదోని సంతకు పోతోందట, అడక్కుండానే చెప్పింది.

"ఏమైందమ్మా మీ అత్తకు?"

"చక్కెర జబ్బు."

"మందులు తినదా?"

"తినేది."

"తినేది అంటే?"

మహమూదా అత్త ముఖం మీద ఎండ పడకుండా కొంగు అడ్డం పెట్టింది.

"మా సిన్నమ్మ ఇట్లనే," అన్నది ఉచ్చీరమ్మ. "ఊపిరి సూడు, పరిగెత్తొచ్చినట్ల తీస్తాంది. పండుకున్న మనిషి అంత తొందరగా యాడికి పోతాందో." అని ముక్కు ఎగబీల్చి, "పండ్లేమన్నా పెట్టుకున్యావా సంచిలో?"

లేదు, అన్నది మహమూదా, అని, మెల్లగా వంగింది. వంగి అత్త ముఖం దగ్గర ముఖం పెట్టింది. తెరుచుకున్న ఆ నోట్లోంచి, పగిలిన పెదవుల మధ్య నుంచి, వెచ్చగా, తియ్యగా, పులిసి, అదే వాసన. బస్సులో ఎవరి సంచిలోనూ పండ్లు లేవు. మాగుతున్నది లోపల. గొర్రెలు ఒకదాని వెనక ఒకటి, ఎవరూ తొందరపెట్టనట్టు, దుమ్ములో దిగబడి పోతూనే ఉన్నాయి. ఒక్కొక్కటి తల తిప్పి బస్సు వైపు చూసి పోతున్నట్టుంది. ఆదోనిలో డాక్టరు సూది తీస్తాడు, ఈమె చేయి అదుముకుంటుంది, వాళ్ళూ రసూల్ సాబ్ మాటే అంటారు, వద్దంటే మేమేం చేయం. ఈమె చేయి వదలాలంటే డాక్టరు మాట చాలదు. ఇమాం మాట కావాలి. ఆ మాట తెలిసిన మనిషి ఎమ్మిగనూరు నుంచి ఆదోని దాకా వెతికినా ఒక్కతే. చెప్తే ఏమవుతుంది? కొడుకుతో చెప్తుంది, నీ పెండ్లాము తెలిసీ గమ్మునుండె అని. ఊళ్ళో చెప్తుంది. జహంగీరు చెప్పులు వేసుకుంటూ మురిసిన ముఖం గుర్తొచ్చింది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. నిజంగా ఎవరికీ తెలియదు. ముసలామె, జబ్బు, అల్లా రాత, ఊరంతా వచ్చి ఏడుస్తుంది. కాని స్నానం ఎవరు చేయిస్తారు? ఈమెకు స్నానం చేయించడానికి ఊళ్ళో ఇంకెవరికి చేతనవును? కోడలికే చెప్తారు. దగ్గర ఉండి చూసినావు గదా, నువ్వే పొయ్యి నీళ్ళు అంటారు. ఈ తలనే, ఈ బరువుతోనే, ఈ చేతుల్లోనే పెడతారు. ఎటు తిప్పితే అటు తిరుగుతుంది, ఏమీ అడగదు. ఏమీ అడగని ఆ ముఖం మీద నీళ్ళు పోయాలి.

డ్రైవరు ఇంజను వేసినాడు. ఆ చప్పుడు మాటున మహమూదా అత్త చెవికి నోరు ఆనించింది.

"అత్తా, కితాబు మనం తలకిందులుగా సదివినాం. ఇంటాండావా? చివర ఉండేది ముందు సదివినాం. మైయ్యత్తు మాట ముందరిది. మందు తినమన్న మాట దాని తర్వాతది, ఇమాం పైకి పోయినంక సెప్పింది. పైకెక్కి గూడ మందు తినమన్యాడు. సూది ఏసుకో అత్తా."

బస్సు ఒకటి రెండు గుంతలు దాటింది. ముసలామె కళ్ళు తెరవలేదు. పెదవులు మాత్రం కదిలినాయి.

"తెల్సు."

"ఏం తెల్సు?"

"నంబర్లు." మధ్యలో ఊపిరి పరిగెత్తింది, అది నిలిచే దాకా ఆగి, "దూది తూకం ఏసినదాన్ని. నంబర్లు సదవలేనా. పాఠం మారేకొద్దీ పేజీ నంబరు తగ్గుతాండె. మర్సటి దినం ఇంగా తగ్గె."

"మల్ల సెప్పలేదేం? సూది ఎందుకు వద్దంటివి?"

"నేనెందుకు సెప్తా. నేను ఆయన సేతిలో గదా ఉండేది." ఇంకో ఊపిరి. "నీ నోట్లో మాట పెట్టేది ఆయనే గదా. పెట్టినపొద్దు ఏసుకుందామనుకుంటి. దినాలు పోతాండె. నువ్వు టీ తాగుతాంటివి, చెంచా సప్పుడు ఇనపడుతాండె. నీ నోరు లేయకపాయె."

ఉచ్చీరమ్మ ముందుకు తిరిగి కూర్చుంది, తనకేమీ వినపడనట్టు. కోడి కూడా గమ్మునుంది. ఆదోని కొండ కనబడింది, ఎండలో కాలిన రాళ్ళ కుప్ప, దాని కింద ఫ్యాక్టరీ పొగగొట్టాలు. ఇన్ని దినాలు మంచం మీద కళ్ళు మూసుకుని ఉన్నది కునికిపాటు కాదు, భక్తి కూడా కాదేమో, కనిపెట్టుకుని ఉండటం. మాట వస్తుందా రాదా అని. ప్రాణం పందెం పెట్టి, ఎవరి మీద? అల్లా మీద పెట్టింది. కాని అల్లా చేయి ఆ ఇంట్లో అందేది ఒక్క కోడలి నోటికే. డిటెక్టివ్ నవల చివరి పేజీ చదివినదాన్ని అనుకుంటే, చదువుతున్నది ఆమె, చదవబడుతున్నది తాను.

బస్సు ఊళ్ళోకి తిరుగుతుంటే ముసలామె మళ్ళా పెదవి విప్పింది. "అన్నిటికంటె మొదటిది ఏం పాఠం?"

మహమూదాకు తెలుసు. తాను ఒక్కతే ఉన్నప్పుడు ఎడమవైపు నుంచి తెరిచి చూసింది. "తౌబా, అత్తా." చేసిన తప్పు ఒప్పుకుని మళ్ళడం. ఎక్కేవాళ్ళందరికీ మొదటి మెట్టు, వెనక నుంచి వచ్చే తమకు అన్నిటికంటే చివరిది, ఇంకా చేరనిది.

"అది నాకు సదవొద్దు," అన్నది జమ్రుద్‌బీ. "నువ్వే సదువుకో. గట్టిగా."

ఆస్పత్రిలో ఇద్దరు మొగవాళ్ళు ఆమెను ఎత్తి ఇనుపమంచం మీద వేసినారు, ఆకుపచ్చ గుడ్డతెర లాగినారు. తెర సందులోంచి కనబడింది, అంతసేపు పక్కటెముకలకు అతుక్కుపోయిన చేయి, తానుగా వదులై, అరచేయి పైకి పెట్టుకుని, మంచం అంచు మీదికి జరిగింది. సూది దిగింది. డాక్టరు ఆ వాసన పీల్చి, ముఖం చిట్లించి, సెలైను తెమ్మని కేకేసి బయటికి వచ్చినాడు. సాయంత్రం దాకా ఏమీ చెప్పలేనన్నాడు. బతికితే అదృష్టమే అన్నాడు. నర్సు వచ్చి అడిగింది, గోడ పక్కన కూర్చున్న రోగులందరూ తలెత్తి చూసేటట్టు.

"ఇన్ని దినాలు సూది లేకుండా ఎవరు పెట్టినారు ఈమెను? ఇంట్లో సదువుకున్నోళ్ళు ఎవరూ లేరా?"

మహమూదా కొంగు కొస పట్టుకుని నేల వైపు చూస్తూ, పెదవులు కదిలీ కదలనట్టు, నేనే ఉన్నాను, అన్నది.

తెర వెనక నుంచి, ఊపిరికీ ఊపిరికీ మధ్య సందు చూసుకుని, అత్త గొంతు వచ్చింది.

"ఇనపడలే."